అత్తగారి కార్డు

అత్తగారంటే మనిషి కాదు, ఇరవై రెండేళ్ల గోధుమరంగు ఆడగుర్రం. ఈ ముక్క ముందే చెప్పెయ్యడం మంచిది. ఎందుకంటే సోమవారం పొద్దున పన్నుల ఆఫీసులో, కాళ్లూ చేతులూ ఆడని కంగారులో, పళ్ల డాక్టరమ్మ ఆ ముక్క చెప్పడం మర్చిపోయింది.

"ఏడేళ్లుగా ఈనని గుర్రం. ఎందుకు ఉంచుకున్నారు?" అని అడిగింది ఆఫీసరమ్మ.

"అయ్యో, మా అత్తగారండీ!" అనేసింది డాక్టరమ్మ. "అత్తగార్ని ఎక్కడికి పంపించేస్తామండీ?"

పక్క బల్ల దగ్గర గుమాస్తా కాగితాలు కుట్టడం ఆపి తలెత్తి చూశాడు. డాక్టరమ్మకి చెవులు వేడెక్కాయి. "అంటే, ఆ గుర్రాన్ని మేం అలా పిలుస్తామండీ. మిగతావాటి మీద పెత్తనం చేస్తుందని..." అంటూ సర్దబోయింది గానీ, సర్దినకొద్దీ చెడింది. ఆఫీసరమ్మ నవ్వలేదు. ఎడమ చెంప అరచేతిలో ఆనించుకుని, పళ్ల మధ్య నుంచి రెండేసి మాటలు వదులుతూ, ఫైల్లో ఏదో రాసుకుంది. తలకిందులుగానే అయినా డాక్టరమ్మ చదవగలిగింది. 'ముసలి గుర్రం – ఎందుకు?' అని ఉంది. దాని కింద రెండు గీతలు.

అసలు గొడవ ఇదీ. ఆమెకి వచ్చిన నోటీసు రెండు పేజీలు, కానీ అందులో మాట ఒక్కటే: గుర్రాల పెంపకం మీకు వ్యాపారం కాదు, సరదా. వ్యాపారంలో నష్టమొస్తే ఆ నష్టాన్ని పళ్లు పీకి సంపాదించిన డబ్బులోంచి తీసేసి, మిగిలినదానికే పన్ను కట్టొచ్చు. సరదాకి తగలేసిన డబ్బు మాత్రం ఎవరి డబ్బు వాళ్లదే, ప్రభుత్వానికి సంబంధం లేదు. కాబట్టి నాలుగేళ్లుగా తీసేసుకున్న నష్టాలన్నీ మళ్లీ కలిపి, పన్నూ, దాని మీద వడ్డీ, ఆ పైన జరిమానా కట్టాలి. క్లినిక్కులో రెండు కుర్చీలూ ఎక్స్‌రే మిషనూ అమ్మినా అందులో సగం రాదు. నాలుగెకరాల మేత భూమి పోవాలి. భూమి పోతే గుర్రాలు పోతాయి. గుర్రాలు పోతే, వాటిని చూసుకుంటూ శాల చివరి గదిలో ఇరవై ఏళ్లుగా ఉంటున్న బాబాయి ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలీదు.

సరదా అట సరదా! తెల్లారకముందే లేచి లద్దె ఎత్తడం సరదా, వాన్లో గిట్టలు గీకడం సరదా, ఈనబోయే గుర్రం పొదుగు మీద మైనం లాంటి చుక్క పట్టిందా లేదా అని మోకాళ్ల మీద వంగి చూడటం సరదా! ఈ మాటలన్నీ ఇంటి దగ్గర అద్దం ముందు గడగడా చెప్పింది డాక్టరమ్మ. ఆఫీసులో ఒక్కటీ నోటికి రాలేదు.

"రికార్డులు?" అంది ఆఫీసరమ్మ, చెంప మీంచి చెయ్యి తియ్యకుండానే.

డాక్టరమ్మ రబ్బరు తొడుగులొచ్చే అట్టడబ్బా ఒకటి బల్ల మీదికి జరిపింది. అందులో ఉన్నవి పళ్ల క్లినిక్కు కార్డులు. పేషెంట్ల కోసం వేలకొద్దీ అచ్చు వేయిస్తే మిగిలినవి గుర్రాలకి వాడేస్తున్నారు. పేరు, వయసు, బాధ, చేసిన పని, మళ్లీ ఎప్పుడు రావాలి. ఒక్కో గుర్రానికి ఒక్కో కార్డు, పదేళ్లవి. రాసేది బాబాయి. క్లినిక్కులో నర్సు నింపిన కార్డుల మీద పెట్టినట్టే ఆదివారం పూట ఆమె వాటన్నిటి మీదా చకచకా సంతకాలు పెట్టేస్తుంది.

ఆఫీసరమ్మ ఒక కార్డు తీసి, వెనక్కి తిప్పి, మళ్లీ లోపల పడేసింది. "ఉంచండి. శుక్రవారం రండి," అంది. అంతే.

సాయంత్రం భర్తతో చెబుతూ డాక్టరమ్మ ఏడ్చినంత పని చేసింది. "చెంప మీద చెయ్యి పెట్టుక్కూర్చుందండీ, నేనేదో పిట్టకథ చెబుతున్నట్టు. పళ్లు బిగబట్టి మాట్లాడింది. మనమంటే ఎంత అసహ్యమో."

ఆయన బళ్లో లెక్కల మాస్టారు. గుర్రాలంటే భయం, పెళ్లయినప్పటి నుంచీ కంచె ఇవతలే నిలబడి ప్రేమిస్తున్నాడు. "పోనీలే, ఇంకా నాలుగు రోజులుంది కదా," అన్నాడు. ఆ నాలుగు రోజుల్లో ఏం చెయ్యాలో మాత్రం ఆయనకీ తెలీదు.

ఏం చెయ్యాలో ఆమె పన్ను లెక్కలు చూసే ఆడిటరుకి తెలుసు. మంగళవారం పదకొండున్నరకి క్లినిక్కుకే వచ్చేశాడు. డాక్టరమ్మ అప్పుడు ఒక పెద్దాయన దవడ పన్నులో వేరు శుభ్రం చేస్తోంది. చిన్న అద్దం, సన్నటి ఆకురాయి, నోట్లో దూది, ఆపడానికి వీల్లేదు. ఆడిటరు చెయ్యి కడుక్కునే తొట్టి పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కార్డులిచ్చేశారా డాక్టరుగారూ! పళ్ల కార్డులా! నాకొక్క ఫోన్ కొట్టకుండా?"

"ఉన్నవి అవేనండీ."

"గుర్రానికి 'మళ్లీ ఎప్పుడు రావాలి' ఏంటండీ! ఆ ఆఫీసులో ఈపాటికి టీ టైమ్‌లో చదువుకుని నవ్వుకుంటుంటారు. సరే, అయిపోయింది. అదొదిలెయ్యండి. ఆవిడ ఏం అడిగింది? మొత్తం ఫైలు మీద ఏం అడిగింది?"

"ముసలిదాన్ని ఎందుకు ఉంచుకున్నారు అని. ఇంకేం అడగలేదు."

ఆడిటరు చేతులు రెండూ చరిచాడు. "చూశారా? ఆఫీసర్లు ప్రశ్నలు అడగరు డాక్టరుగారూ. దారి చూపిస్తారు. మీ ఫైల్లో ఉన్న చిల్లు అదొక్కటే. మిగతావాటికి నష్టమెందుకొచ్చిందో నేను చెప్పగలను. ఒకటి చచ్చిపోయింది, ఒకదానికి కడుపు పోయింది, కొంటానన్నవాడు మొహం చాటేశాడు. ఇవన్నీ వ్యాపారంలో ఉండేవే. కానీ పనీపాటా లేని గుర్రాన్ని ఏడేళ్లు మేపేవాణ్ని ప్రపంచంలో ఎవరూ వ్యాపారి అనరు. ఉంచుకున్నారా, సరదా. అమ్మేశారా, వ్యాపారం. శుక్రవారం లోపలికి వెళ్లేసరికి చేతిలో రసీదు ఉండాలి."

"ఎవరు కొంటారండీ దాన్ని?" అంది డాక్టరమ్మ. అడిగిందే గానీ జవాబు ఆమెకి తెలుసు.

"తాడాయన ఉన్నాడుగా."

కుర్చీలో పెద్దాయన ఉలిక్కిపడి అద్దం మీద పళ్లు మూశాడు. తాడాయన అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. ముసలివాటినీ కుంటివాటినీ కొంటాడు. ఎక్కడికి తీసుకెళ్తావని ఆయన్ని ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు.

"నోరు తెరవండి బాబూ," అంది డాక్టరమ్మ. అద్దం మళ్లీ లోపల పెట్టేటప్పుడు దాన్ని తిరగేసి పెట్టింది. ఇరవై ఏళ్లలో ఆమె అద్దం తిరగేసి పెట్టడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ఆమె శాలకి వెళ్లేసరికి బాబాయి అత్తగారి ముందు కాలు ఒళ్లో పెట్టుకుని గిట్ట గీకుతున్నాడు. నిజానికి బాబాయి ఆమెకి ఏమీ కాడు. ఆ పిలుపు అలవాటైపోయింది. అత్తగారు ఆయన వీపు మీద గడ్డం ఆనించి, కంచె అవతల తల్లుల చుట్టూ గెంతుతున్న మూడు గుర్రప్పిల్లల్నీ చూస్తోంది. ఎర్రపిల్ల ఒకటి కాస్త దూరం పరిగెత్తేసరికి అత్తగారు చెవులు వెనక్కి వాల్చి ముక్కుతో ఒక్క బుసకొట్టింది. ఎర్రపిల్ల బుద్ధిగా వెనక్కి వచ్చేసింది.

డాక్టరమ్మ చెప్పాల్సింది గబగబా చెప్పేసింది. ఆగితే చెప్పలేనని ఆమెకి తెలుసు.

బాబాయి గిట్ట సందులోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టాడు. "శనివారం పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తప్పిస్తున్నాం కదమ్మా. పాలు మాన్పించేస్తాం కదా."

"అవును. అయితే?"

"అదయ్యాక పంపిద్దాం. ఒక్క నెల ఆగితే..."

"శుక్రవారానికి రసీదు కావాలి బాబాయ్. నెల ఆగితే భూమే ఉండదు."

"పిల్లలకి దానితో అలవాటమ్మా."

"గుర్రాలు దేనికైనా అలవాటు పడతాయి. పడలేనిది మనమే," అంది డాక్టరమ్మ. ముసలాయనకి ఆ గుర్రమంటే ప్రాణం, దాన్ని వదల్లేక వంకలు వెతుకుతున్నాడు అనుకుంది. ఆయన్ని చూసి జాలేసింది కూడా. జాలిపడటంలో మునిగిపోయిన మనిషికి ఎదుటివాడి మాట ఎక్కడ వినబడుతుంది!

బాబాయి "మీ ఇష్టం అమ్మా," అన్నాడు. ఒళ్లో ఉన్న కాలిని నేల మీద మెల్లిగా ఆనించి, అది సరిగ్గా నిలబడేదాకా చెయ్యి తియ్యలేదు.

బుధవారం మధ్యాహ్నం, క్లినిక్కు మూసే రెండు గంటల వ్యవధిలో, తాడాయన లారీ వచ్చింది. పొట్టి మనిషి, మర్యాదస్తుడు. అమ్మేవాళ్ల కళ్లలోకి చూడకుండా మాట్లాడటం బాగా వచ్చు. అత్తగారి పెదవి పైకెత్తి పళ్లు చూసి, "ఇరవై దాటిందమ్మా. కానీ పళ్లు భలే ఉన్నాయే. ఎవరు చూశారు?" అన్నాడు.

"నేనే," అంది డాక్టరమ్మ. ఏటా రెండుసార్లు ఆ దవడ పళ్ల మొనలు ఆకురాయితో అరగదీసి నునుపు చేసేది ఆమే. మిగతా గుర్రాలకి నోరు మూసుకోకుండా అడ్డుకట్టె పెట్టాలి. అత్తగారు తనంతట తనే నోరు తెరిచి నిలబడేది. "పేషెంట్లు కూడా ఇంత బుద్ధిగా ఉంటే ఎంత బావుణ్ణు" అని డాక్టరమ్మ వందసార్లు అని ఉంటుంది.

ఆయన చెప్పిన ధర ఒక కట్టుడు పళ్ల సెట్టు ధరలో సగం. ఆమె బేరమాడలేదు. బేరమాడితే అది నిజంగా అమ్మకం అయిపోతుందేమోనని భయమేసింది. రసీదు అడిగితే ఆయన కంగారు పడ్డాడు, ఇంతవరకూ ఎవరూ అడగలేదట. చివరికి ఆమే మందుల చీటీ మీద రాసింది, ఆయన కింద సంతకం గీశాడు.

తాడాయన ఎప్పుడూ తన తాడు తనే తెచ్చుకుంటాడు. అమ్మినవాళ్లు గుర్రానికి వేసిన తోలు తలకట్టు విప్పి వాళ్ల చేతికే ఇచ్చేస్తాడు. అందుకే ఆ పేరు. అత్తగారి తలకట్టు కూడా విప్పి ఇచ్చాడు. తోలు లోపలి వైపు దాని చెంపల ఆకారానికి వంగిపోయి ఉంది, ఇంకా వెచ్చగా ఉంది. బాబాయి అక్కడ లేడు. ఎన్నడూ లేనిది, మిట్టమధ్యాహ్నం గడ్డి తేవడానికి వెళ్లాడు.

లారీ ఎక్కించడానికి తాడాయన మనిషి కర్ర పట్టుకుని వెనక నిలబడ్డాడు గానీ, కర్రతో పని పడలేదు. అత్తగారు చెక్క మెట్టు మీద ఒక్కసారి గిట్ట తట్టి చూసుకుని తిన్నగా ఎక్కేసింది. దానికి అది కొత్త కాదు. పిల్లల్ని ఎక్కడికైనా పంపేటప్పుడు ముందు దాన్నే ఎక్కించేవాళ్లు, భయమేమీ లేదని చూపించడానికి. ఎక్కాక అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి, వెనకాల ఎవరొస్తున్నారా అని చూసింది. ఎవరూ రాలేదు. తలుపు వేశారు.

డాక్టరమ్మ తలకట్టు సంచిలో కుక్కుకుని క్లినిక్కుకి తిరిగి వెళ్లి, మూడు పళ్లు పీకింది, రెండు అచ్చులు తీసింది. సాయంత్రం ఆఖరి పేషెంటు వెళ్లిపోయాక మందుల గదిలో తలుపేసుకుని, నర్సుకి వినబడకుండా నోట్లో దూది పెట్టుకుని ఏడ్చింది.

గురువారం పొద్దున బడికి వెళ్లేముందు లెక్కల మాస్టారు ఆఫీసరమ్మ వేషం కట్టాడు. భోజనాల బల్లకి అటు కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి దింపి, చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మీకు గుర్రాలంటే ఇష్టమా?"

"ఇష్టం ఏముందండీ. అవి సరుకు."

"సరుకు అనేటప్పుడు మొహం అలా పెట్టకు. నమ్మరు. మళ్లీ చెప్పు."

"అవి సరుకు. ఈనినంతకాలం ఉంచుతాం. ఈనకపోతే అమ్మేస్తాం."

"శాలకి వెళ్తే మీకు సంతోషంగా ఉంటుందా?"

"ఉండదు."

"ఎప్పుడూ ఉండలేదా?"

డాక్టరమ్మ బల్ల మీది మరక ఒకటి గోటితో గీకుతూ కూర్చుంది. మాస్టారు కళ్లజోడు తీసేశాడు. "పోనీ, ఈ ప్రశ్న ఆవిడ అడగదులే," అన్నాడు. కాసేపాగి, "ఇన్నేళ్లూ నువ్వు తెల్లారగట్ల లేచి వెళ్తుంటే నిద్ర నటిస్తూ చూసేవాణ్ని. పెళ్లికి వెళ్తున్నట్టు వెళ్లేదానివి. అది నేరమని తెలిస్తే అప్పుడే చెప్పేవాణ్ని కదే," అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆయన బడికి వెళ్లిపోయాడు.

శుక్రవారం పదకొండు గంటలకి ఆమె ఆ గదిలోకి అడుగుపెట్టింది. చేతిసంచిలో రసీదు, నోట్లో బట్టీపట్టిన మాటలు. ఆడిటరు పక్కన కూర్చుంటానన్నాడు గానీ వేరే కేసు తగిలి రాలేదు. ఆఫీసరమ్మ బల్ల మీద ఫైళ్లన్నీ పక్కకి జరిపేసి, పళ్ల కార్డులు వరసలుగా పరిచి ఉన్నాయి. ఏ ఏటి పిల్లలవి ఆ ఏటి వరసలో. కొన్నిటికి పెన్సిల్‌తో చిన్న చుక్కలు. ఆఫీసరమ్మ చెంప మీద ఇవాళ చెయ్యి లేదు.

"కూర్చోండి డాక్టరుగారూ," అంది. గొంతు వేరేగా ఉంది, మామూలు మనిషి గొంతు. "ఈ పైవరస చూడండి. పదేళ్ల కిందటిది. పాలు మాన్పించిన వారం. ఒక పిల్లకి భుజం మీద పద్నాలుగు కుట్లు. ఇంకోదానికి కంటి కింద తీగ గీసుకుంది. ఆ మరుసటేడు ఒకటి కంచె దూకబోయి కాలు విరిగి చచ్చిపోయింది. పశువుల డాక్టరు బిల్లులు కూడా సరిపోయాయి. మూడో ఏడు కూడా అంతే, కుట్లే కుట్లు."

"అవునండీ. తల్లుల నుంచి తప్పిస్తే పిల్లలు అలాగే..."

"ఆ తర్వాత ఏడేళ్లు ఒక్క కుట్టు లేదు. ఏడేళ్లలో ఇరవై రెండు పిల్లలు, ఒక్కదానికి ఒక్క గీత పడలేదు. ఏం మారింది? కంచె అదే, మనుషులు అదే. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఇదిగో." ఒక కార్డు తీసి ఆమె ముందు పెట్టింది. పేరు దగ్గర 'అత్తగారు' అని ఉంది. "ఆ ఏటి నుంచే ఇది ఈనడం ఆగింది. అదే ఏటి నుంచి 'చేసిన పని' దగ్గర ఏటా ఒకటే మాట. 'పిల్లల దగ్గర ఉంది, ఇరవై నాలుగు రోజులు.' 'పిల్లల దగ్గర ఉంది, ముప్పై రోజులు.' పక్కన, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నచోట, 'వచ్చే ఏడు పాలు మాన్పేటప్పుడు.' ఏడుసార్లు."

డాక్టరమ్మ ఆ కార్డు చదువుతోంది. కళ్లు అక్షరాల మీద ఉన్నాయి గానీ, అవి తలలోకి ఒకటొకటిగానే ఎక్కుతున్నాయి.

"సరదాకి గుర్రాలు పెంచేవాళ్ల ఫైళ్లు చాలా చూశానండీ," అంది ఆఫీసరమ్మ. "వాళ్లు ఫొటోలు తెస్తారు, కప్పులు తెస్తారు. ముసలి గుర్రాన్ని ఉద్యోగంలో పెట్టి, హాజరు వేసి, ఏటా కుట్ల ఖర్చు మిగుల్చుకున్నవాళ్లని చూడలేదు. ఇది వ్యాపారం కాకపోతే ఏది వ్యాపారం? నష్టాలు నాలుగేళ్లవీ ఒప్పుకుంటున్నాను. ఆర్డరులో కారణం కూడా ఇదే రాస్తున్నాను. సోమవారమే తేల్చేసేదాన్ని, కానీ ఆ రోజు పన్ను సలుపుతో నోరు తెరవలేకపోయాను. ఒక్క ప్రశ్న వేసి వదిలేశాను. మంగళవారం పీకించుకున్నాకే కుదురుగా చదవగలిగాను."

పన్ను సలుపు! ఎడమ చెంప కింద చెయ్యి, బిగబట్టిన పళ్లు, రెండేసి మాటలు. ఇరవై ఏళ్లుగా రోజుకి పాతిక నోళ్లు చూసే మనిషి, గుమ్మంలోకి రాగానే ఏ పన్నో చెప్పగల మనిషి, రెండు మూరల దూరంలో కూర్చుని దాన్ని అసహ్యం అనుకుంది. భయం కళ్లకి ఎంత పని చేస్తుందో చూడండి.

"చివరి పద్దులో 'ఈ శనివారం, మూడు పిల్లలు' అని ఉంది," అంటోంది ఆఫీసరమ్మ. "అంటే రేపేగా? మీకేం ఇబ్బంది లేకపోతే వచ్చి చూస్తాను. ఇంతసేపు చదివాక అత్తగార్ని ఒక్కసారి చూడాలనుంది."

డాక్టరమ్మ సంచి తెరిచింది. మందుల చీటీ తీసి కార్డు పక్కన పెట్టింది. ఆఫీసరమ్మ చదివింది. మళ్లీ పైనుంచి చదివింది.

"బుధవారమా?"

"బుధవారమండీ."

"ఎందుకు?"

"మీరు అడిగారు కదండీ, ఎందుకు ఉంచుకున్నారని," అంది డాక్టరమ్మ. మాట గుసగుసగా వచ్చింది. "కింద రెండు గీతలు కూడా గీశారు."

"ప్రశ్న అడిగానండీ," అంది ఆఫీసరమ్మ. "నాకు తెలీక అడిగాను. జవాబు చెబుతారని."

గుమాస్తా కుట్టుపని ఆపేశాడు. తర్వాత ఆఫీసరమ్మ, "ఈ కార్డుల మీద రాత మీది కాదుగా? ఎవరిది?" అంది.

"మా బాబాయిది. గుర్రాల్ని చూసుకునే ఆయన."

"మరి ఆయన చెప్పలేదా మీకు, రేపు దానితో పని ఉందని?"

డాక్టరమ్మ లేదని చెప్పడానికి నోరు తెరిచింది. ఒళ్లో గిట్ట, పక్కన పెట్టిన రాయి, 'పిల్లలకి దానితో అలవాటమ్మా' అన్న గొంతు.

"చెప్పాడండీ," అంది.

వరండాలోకి వచ్చి తాడాయనకి ఫోన్ చేసింది. రెట్టింపు ఇస్తానంది, మూడింతలు ఇస్తానంది. "బుధవారం సాయంత్రమే నా చెయ్యి దాటిపోయిందమ్మా," అన్నాడు తాడాయన. ఎక్కడికని ఈసారి ఆమె అడిగింది. ఆయన చెప్పలేదు.

తిరిగి లోపలికి వెళ్లేసరికి ఆఫీసరమ్మ ఒక ఫారం తీసి పెట్టింది. ఏదో ఒక సాయం చెయ్యాలని ఆవిడకి ఉంది, ఆవిడ చేతిలో ఉన్న సాయం అదొక్కటే. "చూడండి, మీ లెక్కల పుస్తకంలో దాని విలువ ఇంత వేసి ఉంది. మీరు అమ్మింది ఇంతకి. ఈ తేడా కూడా నష్టం కిందకే వస్తుంది. పళ్ల ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు, ఈసారి ఎవరూ కాదనరు. ఇక్కడ రాయండి," అంటూ పెన్ను అందించింది. 'నష్టం ఎంత' అన్నచోట గడి చిన్నదిగా ఉంది. డాక్టరమ్మ అంకె వేసింది. గుండ్రంగా, పొందిగ్గా, ఎక్కడా గడి దాటకుండా వేసింది.

శనివారం ఎనిమిదింటికి తల్లుల్ని రోడ్డవతలి మేతలోకి తోలారు. మూడు పిల్లలూ చిన్న దొడ్లో మిగిలాయి. మొదట పిలిచాయి. తర్వాత అరిచాయి. తర్వాత కంచె వెంట పరిగెత్తడం మొదలుపెట్టాయి, ఒకదాని వెనక ఒకటి, మలుపు దగ్గర ఒకదాన్నొకటి తోసుకుంటూ. దొడ్డి మధ్యలో నిలబడి ఒక్క బుసతో వాటిని ఆపేవాళ్లెవరూ లేరు. బాబాయి వెళ్లి నడిమధ్య నిలబడ్డాడు. డాక్టరమ్మ కూడా వెళ్లి నిలబడింది. పిల్లలు వాళ్లిద్దర్నీ చూడనే లేదు.

పదిన్నరకి ఎర్రపిల్ల కంచె మీదికి దూకింది. పై తీగ తెగింది, ఛాతీ జానెడు మేర చీరుకుపోయింది.

పశువుల డాక్టరు రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. డాక్టరమ్మ కారులోంచి తన పెట్టె తెచ్చుకుంది. చిగుళ్లకి ఇచ్చే మత్తుమందు, చిగుళ్లు కుట్టే దారం. బాబాయి ఎర్రపిల్ల మెడ కింద చెయ్యి వేసి, దాని తలని తన ఛాతీకి అదుముకుని నేల మీద కూర్చున్నాడు. ఆమె మోకాళ్ల మీద వంగి కుట్టడం మొదలుపెట్టింది. నాలుగో కుట్టు దగ్గర అంది:

"బాబాయ్, నువ్వు చెప్పావు. నేనే వినలేదు."

"కుట్టండమ్మా," అన్నాడు బాబాయి. "అది కదుల్తోంది."

పదకొండు కుట్లు పడ్డాయి. అంతా అయ్యాక ఆయన చేతులు కడుక్కుని, ఆఫీసు నుంచి తిరిగొచ్చిన అట్టడబ్బా ముందేసుకుని, ఎర్రపిల్ల కార్డు తీసి రాశాడు. బాధ: ఛాతీ చీరింది. చేసిన పని: పదకొండు కుట్లు. మళ్లీ ఎప్పుడు: పది రోజులకి. రాసి, సంతకానికి ఆమె ముందుకు జరిపాడు. డాక్టరమ్మ ఈసారి ప్రతి మాటా చదివాకే సంతకం పెట్టింది.

డబ్బాలో పైనే అత్తగారి కార్డు ఉంది. అమ్మేసినవాటి కార్డులు విడిగా కట్ట కడతారు. బాబాయి దాన్ని తీసి, కట్ట వైపు చూసి, మళ్లీ డబ్బాలోనే దాని చోట్లో పెట్టబోయాడు. డాక్టరమ్మ చెయ్యి చాపి తీసుకుంది. చివరి పద్దు పోయిన ఆదివారానిది. మళ్లీ ఎప్పుడు రావాలి: ఈ శనివారం, మూడు పిల్లలు. దాని కింద ఆమె సంతకం ఉంది.

దొడ్లో మిగిలిన రెండు పిల్లలూ మళ్లీ పరుగు మొదలుపెట్టాయి. బాబాయి లేచి అటు వెళ్లాడు. ఆమె కార్డు డబ్బాలో పెట్టి ఆయన వెనకాలే నడిచింది.